క్యాప్షన్లలో డబ్బాలు, ఉదహరింపుల్లో లావు కీలు: లాటెక్‌లో తెలుగు థీసిస్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో గ్రంథాలయోద్యమం మీద తెలుగులో థీసిస్, మధ్యమధ్య ఇంగ్లీషు ఉటంకింపులు. సీనియర్ ఇచ్చిన టెంప్లేట్‌లో లాటెక్‌తో (కమాండ్లు రాస్తే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్) టైప్ చేశారు. అధ్యాయాల్లో తెలుగు బాగానే వస్తోంది, ఫొటోల కింద క్యాప్షన్లలో మాత్రం అక్షరాల బదులు డబ్బాలు. ఏదో ఫాంట్ మారిస్తే డబ్బాలు పోయి వత్తులు విడిపోయాయి. 'ఫిగర్' తీసేసి 'పటం' అని పెట్టినా మళ్లీ 'ఫిగర్' అనే వస్తోంది. సగం ఉదహరింపుల్లో పుస్తకం వివరాల బదులు దాని కీ, అంటే ఆ పుస్తకానికి మీరిచ్చుకున్న గుర్తు పేరు, లావు అక్షరాల్లో పడుతోంది, గ్రంథసూచిలో రచయితల పేర్లు తారుమారు. సబ్మిషన్‌కి పన్నెండు రోజులుంది, డీటీపీ వాళ్లకిచ్చి మొత్తం పేజ్‌మేకర్‌లో మళ్లీ చేయించెయ్యనా అని చివర్లో అడిగారు.

వద్దండి. పన్నెండు రోజులు చాలు. నేను పదిహేడేళ్లుగా లాటెక్‌లో పుస్తకాలకీ థీసిస్‌లకీ పేజీలు పెడుతున్నాను. అంతకు ముందు నాలుగేళ్లు నారాయణగూడలో ఒక డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ ముందు కూచున్నవాణ్ణే. పేజ్‌మేకర్‌కి 2001లో ఏడో వెర్షన్ వచ్చాక మళ్లీ కొత్తది రాలేదు. దాంతోపాటు మన ఊళ్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, తెర మీద 'క' కనబడినా ఫైల్ లోపల ఉన్నది ఇంకేదో గుర్తు. మీ యూనికోడ్ టెక్స్ట్‌ని కన్వర్టర్‌లో పోసి అటు మార్చాలి, మార్చాక మొదటి పేజీ నుంచి ప్రూఫ్ చూడాలి. మూడో అధ్యాయంలో ఒక ఫొటో తీసెయ్యమని గైడ్ అన్నారనుకోండి, ఆ తర్వాతి పటాల నంబర్లన్నీ చేత్తో దిద్దుకోవాలి. ఆ పని నేను చేశాను, పగవాడికి కూడా వద్దు.

మీ బాధలు మూడు రకాలుగా కనబడుతున్నాయి గానీ మూలం ఒకటే. మనం చెప్పనిచోటల్లా లాటెక్ తన అంచనా మీద నడుస్తుంది, ఆ అంచనాలన్నీ ఇంగ్లీషు పుస్తకాలవి. ప్రతి ఫాంట్‌కీ బోల్డూ ఇటాలిక్కూ ఉంటాయనుకుంటుంది. అక్షరాల కింద పెద్దగా ఏమీ వేలాడదనుకుంటుంది. ఇంటిపేరు చివర్లో ఉంటుందనుకుంటుంది. కాబట్టి తప్పు ఎక్కడుందని వెతికే బదులు, మీరు ఏది చెప్పకుండా వదిలేశారో వెతకండి.

ఇంకో మాట. కమాండ్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులోనే రాస్తున్నాను. ఫైల్‌లో మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టండి.

మొదట మీ పెద్ద ఫైల్‌ని పక్కన పెట్టండి. టెంప్లేట్ ప్రియాంబుల్ (ఫైల్ మొదట్లో సెట్టింగులుండే భాగం), ఒక పేరా, క్యాప్షన్‌తో ఒక ఫొటో, గ్రంథసూచిలో రెండు పుస్తకాలు, అంతే ఉన్న చిన్న ఫైల్ ఒకటి చేసుకోండి. రెండొందల యాభై పేజీలు కంపైలయ్యేదాకా కూచుంటే ఒక్కో ప్రయోగానికి టీ చల్లారిపోతుంది, చిన్న ఫైలైతే క్షణాల్లో తేలిపోతుంది. ఇక లాగ్ ఫైల్, అంటే కంపైల్ చేసినప్పుడు లాటెక్ రాసిపెట్టే చిట్టా. చాలామంది ఎర్ర గీత ఒక్కటి చూసి లాగ్ మూసేస్తారు. మీ డబ్బాల సంగతి అందులో వరసగా రాసి ఉంటుంది: ఫలానా ఫాంట్‌లో ఫలానా అక్షరం లేదు అని, 'మిస్సింగ్ క్యారెక్టర్' అన్న మాటతో మొదలయ్యే లైన్లు. వాటి చివర ఏ ఫాంట్ పేరుందో చూడండి. మీ కేసులో అది 'లాటిన్ మోడర్న్ శాన్స్' అయి ఉంటుందని నా పందెం.

ఎందుకంటే, బాడీ బాగుండి క్యాప్షన్ ఒక్కటే చెడిందంటే ఆ రెండూ వేరే ఫాంట్ కుటుంబాల్లో ఉన్నట్టు. టెంప్లేట్‌లో క్యాప్షన్‌సెటప్ అన్న లైన్ వెతకండి. అందులో ఫాంట్ దగ్గర 'ఎస్ఎఫ్' అని ఉంటుంది, అంటే క్యాప్షన్లని శాన్స్ సెరిఫ్‌లో పెట్టమని. మీరు సెట్‌మెయిన్‌ఫాంట్‌తో తెలుగు ఫాంట్ చెప్పారు, అది బాడీకి సరిపోయింది. శాన్స్ ఏదో చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి అది తన దగ్గరున్న లాటిన్ మోడర్న్ శాన్స్ తీసుకుంది. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ప్రియాంబుల్లో సెట్‌శాన్స్‌ఫాంట్ అని ఇంకో లైన్ వేసి, నోటో శాన్స్ తెలుగు లాంటిది చెప్పండి. టైప్‌రైటర్ ఫాంట్‌కీ, అంటే సెట్‌మోనోఫాంట్‌కీ, ఇదే చెయ్యండి. లేకపోతే వెబ్ లింకుల్లో తెలుగు వచ్చినచోట మళ్లీ ఇదే గోల.

మీరు ఫాంట్ మార్చినప్పుడు వత్తులు విడిపోయాయన్నారు చూడండి, అది రెండో మరుపు. ఫాంట్ పేరు చెప్పారు, లిపి చెప్పలేదు. ఫాంట్‌స్పెక్ కమాండ్లో చదరపు బ్రాకెట్లలో 'స్క్రిప్ట్ = తెలుగు' అని ఉండాలి. అది లేకపోతే ఫాంట్ లోపలున్న సంయుక్తాక్షరాల నియమాలు పని చెయ్యవు. 'ఆంధ్ర' అన్న మాటలో ధకారానికి పొల్లు పెట్టి, పక్కన 'ర'ని నిలబెట్టి చూపిస్తుంది. మెయిన్‌ఫాంట్‌కి పెట్టాను కదా అనుకోకండి, ప్రతి ఫాంట్ కమాండ్‌కీ విడివిడిగా పెట్టాలి. మీ ఫైల్‌ని పీడీఎఫ్ చేసే కంపైలర్ జీలాటెక్ కాకుండా లువాలాటెక్ అయితే 'రెండరర్ = హార్ఫ్‌బజ్' అని కూడా కలపండి. (ఇది చదివే మిగతావాళ్ల కోసం: పీడీఎఫ్‌లాటెక్‌లో యూనికోడ్ తెలుగు ఇలా నేరుగా రాదు. 'యూనికోడ్ క్యారెక్టర్ నాట్ సెటప్' అని ఎర్రర్ వస్తే చేయాల్సిన మొదటి పని కంపైలర్ మార్చడం. ఆన్‌లైన్‌లో ఓవర్‌లీఫ్ వాడేవాళ్లకి అది సెట్టింగుల్లో ఉంటుంది.)

తర్వాత బోల్డ్. క్యాప్షన్‌లో 'పటం 3.2' అన్నది బోల్డ్‌లో రావాలని టెంప్లేట్ చెబుతుంది. పోతన 2000 లాంటి ఫాంట్‌కి బోల్డ్ ఫైలే లేదు, ఒక్కటే బరువు. అప్పుడు లాగ్‌లో 'ఫాంట్ షేప్ అన్‌డిఫైన్డ్' అని ఒక హెచ్చరిక పడేసి మామూలు అక్షరాలే వేసేస్తుంది. దానికి రెండు దారులున్నాయి. 'ఆటోఫేక్‌బోల్డ్ = 1.5' అని పెడితే అక్షరాల అంచులని లావు చేస్తుంది. క్యాప్షన్ లేబుల్‌కి ఇది చాలు గానీ అధ్యాయాల శీర్షికలకి నేను వాడను, పెద్ద సైజులో గుడిసున్నాలు పూడుకుపోయి ముద్దలా కనబడతాయి. శీర్షికలకి నిజమైన బోల్డ్ ఉన్న నోటో సెరిఫ్ తెలుగు తీసుకోండి. అందులోనూ ఒక చిక్కుంది. గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకున్న జిప్‌లో పైనే కనబడే ఫైల్ వేరియబుల్ ఫాంట్, అన్ని బరువులూ ఒకే ఫైల్‌లో ఉంటాయి. జీలాటెక్‌కి దానితో సరిగా పొసగదు, బోల్డ్ అడిగినా మామూలుదే ఇస్తుంది. ఆ జిప్‌లోనే 'స్టాటిక్' అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. అందులోంచి రెగ్యులర్, బోల్డ్ ఫైళ్లు తీసి థీసిస్ ఫోల్డర్లో 'ఫాంట్స్' అన్న పేరుతో ఇంకో ఫోల్డర్ చేసి అందులో పెట్టుకోండి. ఫాంట్‌ని పేరుతో పిలవకుండా, పాత్ చెప్పి ఫైల్ పేరుతో పిలవండి. విండోస్‌లో ఫాంట్‌ని 'ఈ యూజర్‌కి మాత్రమే' అని ఇన్‌స్టాల్ చేస్తే జీలాటెక్‌కి అది దొరక్కపోవచ్చు. ఫైల్ పేరుతో పిలిస్తే ఆ తలనొప్పే ఉండదు, ఇంటి లాప్‌టాప్‌లోనూ డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లోనూ ఒకేలా వస్తుంది.

ఇవన్నీ చేశాక ప్రియాంబుల్లో 'ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ = 3' అని ఒక లైన్ వేయండి. మీది 2021 లేదా ఆ తర్వాతి టెక్‌లైవ్ (లాటెక్ సరంజామా అంతా ఒకేసారి ఇన్‌స్టాల్ చేసే కట్ట) అయితే, దొరకని అక్షరం ఒక్కటున్నా అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. రెండొందల యాభై పేజీల్లో డబ్బాల కోసం కళ్లు చించుకునే పని తప్పుతుంది.

మీరు అడగలేదు గానీ, పంపిన పేజీ ఫొటోలో ఇంకోటి నా కంటపడింది. సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఫొటో కింద మూడు లైన్ల క్యాప్షన్ ఉంది. మొదటి లైన్లో వత్తులు రెండో లైన్లో గుడుల నెత్తిన కూచున్నాయి, 'కృష్ణ'లో ణవత్తు కింది లైన్లోని 'స్థాపించి'లో గుడికి తగులుతోంది. బాడీలో ఇలా లేదు, ఎందుకంటే టెంప్లేట్‌లో సెట్‌స్పేస్ ప్యాకేజీతో ఒకటిన్నర స్పేసింగ్ ఉంది. ఆ ప్యాకేజీ బాడీని వదులు చేస్తుంది, ఫుట్‌నోట్లనీ పటాలనీ పట్టికలనీ మాత్రం సింగిల్ స్పేసింగ్‌లోనే ఉంచుతుంది. ఇంగ్లీషుకి అది అందం. మనకి కింద వత్తు, పైన గుడి రెండూ ఉంటాయి కాబట్టి ఊపిరాడదు. క్యాప్షన్‌సెటప్‌లో ఫాంట్ దగ్గర 'స్మాల్' పక్కనే 'స్ట్రెచ్ = 1.25' అని కలపండి. ఫాంట్‌ని బట్టి 1.2 నుంచి 1.35 దాకా పెట్టి చూడండి. పోతనలో వత్తులు బాగా కిందికి దిగుతాయి, దానికి కాస్త ఎక్కువే పట్టింది నాకు. ఫుట్‌నోట్లకీ ఇదే జబ్బు ఉంటుంది, అవీ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు 'ఫిగర్'. మీరు ప్రియాంబుల్లో ఫిగర్‌నేమ్‌ని 'పటం' అని మార్చారు, అది సరైన కమాండే. కానీ మీ టెంప్లేట్‌లో భాషల కోసం పాలీగ్లోసియా ఉంది, ప్రధాన భాష ఇంగ్లీషు అని రాసి ఉంది. డాక్యుమెంట్ మొదలయ్యే క్షణంలో అది వచ్చి ఫిగర్, టేబుల్, కంటెంట్స్ లాంటి పేర్లన్నిటినీ ఆ భాషలో మళ్లీ రాసేస్తుంది. మీరు ముందు గోడకి రంగు వేశారు, తర్వాత వాళ్లొచ్చి సున్నం కొట్టారు. ప్రధాన భాషని తెలుగు చెయ్యండి, ఇంగ్లీషుని రెండో భాషగా పెట్టండి. దాంతో తెలుగు పేర్లు వస్తాయి, తెలుగు మాటల్ని లైన్ చివర విరిచే నియమాలు కూడా పని చేస్తాయి. మీ క్యాప్షన్లు కుడి మార్జిన్ దాటి పోవడం దీనివల్ల చాలావరకు తగ్గుతుంది. ప్యాకేజీ ఇచ్చే తెలుగు పేరు మీ గైడ్‌కి నచ్చకపోతే, 'క్యాప్షన్స్‌తెలుగు' అన్న కమాండ్‌కి మీ మార్పుని జతచెయ్యండి. పాలీగ్లోసియాలో దానికి 'జీఆప్టో' వాడతారు, అదే పని చేసే ఇంకో ప్యాకేజీ బేబెల్‌లో 'యాడ్‌టు'. అలా జతచేసింది ప్రతిసారీ వాళ్ల సున్నం తర్వాతే పడుతుంది.

పటాన్ని ప్రస్తావించిన చోట 3.2 బదులు 3.4.1 అని సెక్షన్ నంబర్ వస్తోందన్నారు. లేబుల్‌ని క్యాప్షన్ కంటే ముందు రాశారు. క్యాప్షన్ తర్వాత రాయండి, అంతే. క్యాప్షన్లో ఫుట్‌నోట్ పెట్టడం మానుకోండి. అది పటాల పట్టికలోకి కూడా పాకి అక్కడ ఇంకో నంబర్ అవుతుంది. ఫొటో ఎక్కడిదో చెప్పాలంటే క్యాప్షన్లోనే చివర ఒక వాక్యం రాయండి, పటాల పట్టిక కోసం చదరపు బ్రాకెట్లో పొట్టి పేరు ఇవ్వండి.

ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన ఒక సరదా ఉంది. మీరు 'పటం' రాసి, నంబర్ తెచ్చే రెఫ్ కమాండ్ పెట్టి, దానికి 'కు' తగిలిస్తున్నారు. ఇవాళ అది 'పటం 7కు'. రేపు మధ్యలో ఒక ఫొటో చేరితే అదే 'పటం 8కు' అవుతుంది. ఎవరూ 'ఎనిమిదికు' అనరు కదా. ఒకటి, ఎనిమిది, తొమ్మిది, పది ఇకారంతో ముగుస్తాయి కాబట్టి 'కి' పడుతుంది, పది లోపు మిగతావాటికి 'కు'. నంబర్ని లాటెక్ మారుస్తుంది, విభక్తిని మార్చదు. నేనైతే 'కు', 'ను' తగిలే వాక్యాలు రాయను. 'పటం 8 చూడండి', 'పటం 8లో' అని తిప్పుకుంటాను. 'లో'కి ఈ పేచీ లేదు.

గ్రంథసూచి దగ్గర కాస్త తీరిగ్గా కూచోవాలి, మీ థీసిస్‌లో అసలు పని ఇక్కడే ఉంది.

కీ అలాగే లావుగా పడిందంటే, మీరు ఉదహరించిన ఆ కీ సూచి ఫైల్‌లో దొరకలేదని. అన్నీ అలాగే ఉంటే బైబర్, అంటే సూచి ఫైల్ చదివి వరస పెట్టే ప్రోగ్రాం, నడవలేదన్నమాట. సూచిని పేజీ మీద పెట్టే బిబ్‌లాటెక్ ప్యాకేజీ వాడేటప్పుడు జీలాటెక్, తర్వాత బైబర్, మళ్లీ రెండుసార్లు జీలాటెక్ నడపాలి. ఎడిటర్లో బైబర్ బదులు పాత బిబ్‌టెక్ సెట్ అయి ఉండటం మామూలుగా జరిగేదే. బైబర్ ఒక చోట నుంచి, బిబ్‌లాటెక్ ఇంకో చోట నుంచి ఇన్‌స్టాల్ చేస్తే వెర్షన్లు కలవక, కంట్రోల్ ఫైల్ వెర్షన్ వేరుగా ఉందని ఆగిపోతుంది. రెండూ ఒకే టెక్‌లైవ్ లోంచి రావాలి. అది సరయ్యాక, సబ్మిషన్ అయ్యేదాకా అప్‌డేట్ అన్న బటన్ ముట్టుకోకండి.

మీకు సగమే అలా వస్తున్నాయి కాబట్టి బైబర్ నడుస్తోంది, కొన్ని కీలే కలవడం లేదు. కీలు తెలుగులో పెట్టారు. ఒక కీ చివర 'హైదరాబాద్' అని ఉంది. సూచి ఫైల్‌లోనూ హైదరాబాద్, అధ్యాయంలోనూ హైదరాబాద్, కంటికి తేడా లేదు. నేను ఇలాంటి కీ మీద ఒక రాత్రంతా కూచున్నాను. 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు 'ద్'కీ 'లో'కీ మధ్య కనబడని అక్షరం ఒకటి వేస్తాం, లేకపోతే అవి కలిసి 'ద్లో' అయిపోతాయి. దాన్ని నాన్‌జాయినర్ అంటారు. ఆ మాట కాపీ చేసుకుని వెనక నుంచి 'లో' చెరిపేస్తే, కనబడని అక్షరం పొల్లు వెనకాలే ఉండిపోతుంది. పదం చివర అది ఉన్నా లేకపోయినా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరు మాటలు. అనుమానం వచ్చిన కీ చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. ఏమీ చెరగనట్టు కనబడితే దొంగ దొరికినట్టే. అసలు మందు, కీలన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల్లో, రచయిత ఇంటిపేరు, సంవత్సరం కలిపి పెట్టుకోవడం. కీ పాఠకుడికి కనబడేది కాదు, భాషాభిమానం అక్కడ అక్కర్లేదు.

ఇక పేర్లు. మీ సూచిలో మాడపాటి హనుమంత రావు, కొమర్రాజు లక్ష్మణ రావు ఇద్దరూ 'రావు' కింద పక్కపక్కన కూచున్నారు. సురవరం ప్రతాప రెడ్డి 'రెడ్డి' అయ్యారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆకారంలోకి వెళ్లిపోయారు. పేరులో చివరి మాటే ఇంటిపేరు అని బైబర్ అనుకుంటుంది, మనకి ఇంటిపేరు ముందుంటుంది. మీరు ఒక్కొక్కరినీ ఎలా పట్టుకోవాలో చెప్పాలి. పేరు మొత్తాన్ని ఇంకో జత మీసాల బ్రాకెట్లలో పెడితే అది విడదీయరాని ఒక్క పేరు అవుతుంది. అప్పుడు మాడపాటి హనుమంతరావు 'మా' కింద, సురవరం ప్రతాపరెడ్డి 'సు' కింద, రాసింది రాసినట్టు వస్తారు. 'మాడపాటి' తర్వాత కామా పెట్టి 'హనుమంతరావు' అని కూడా రాయొచ్చు, వరస కుదురుతుంది. కానీ అప్పుడు అధ్యాయం లోపల ఉదహరింపులో 'మాడపాటి' అని ఒక్క ఇంటిపేరే పడుతుంది, కొన్ని స్టైళ్లలో పేరు తిరగబడి 'హనుమంతరావు మాడపాటి' అవుతుంది. తెలుగు సాహిత్య విద్యార్థులెవరూ అలా రాయరు. నా ఓటు రెట్టింపు బ్రాకెట్లకే. ఇంగ్లీషు పుస్తకాల రచయితలకి మాత్రం ఇది చెయ్యకండి, వాళ్లకి దాని అంచనా సరైనదే.

పేర్లని పొడి అక్షరాలుగా కుదించే ఆప్షన్ 'గివెన్‌ఇనిట్స్' టెంప్లేట్‌లో ఉంటే తీసెయ్యండి. పాత బిబ్‌టెక్‌కి బైట్లు తప్ప అక్షరాలు తెలియవు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. అది మొదటి బైట్ ఒక్కటే కోసి 'ఇదే ఇనిషియల్' అంటుంది, పేజీ మీద చెత్త పడుతుంది. బైబర్ అంత మొరటుగా కొయ్యదు గానీ 'శ్రీ' లాంటి సంయుక్తాక్షరాన్ని మనం కోసినట్టు కోస్తుందని నేను నమ్మను.

ఇద్దరు రచయితలున్నచోట మధ్యలో ఇంగ్లీషు 'అండ్' అన్న మాటే ఉండాలి. కామా అంటే దానికి ఇంకో అర్థం. మీ ఎంట్రీల్లో ముగ్గురు సంపాదకుల పేర్లు కామాలతో రాశారు. రెండు కామాలున్న పేరుని అది ఇలా చదువుతుంది: మొదటిది ఇంటిపేరు, రెండోది 'జూనియర్' లాంటి తోక, మూడోది సొంత పేరు. పాపం మీ రెండో సంపాదకుడు తోక అయిపోయారు. ఇంకో కామా ఉంటే కామాలు ఎక్కువయ్యాయని ఎర్రర్ అయినా వచ్చేది, మూడు పేర్లకి నోరు మూసుకుని తప్పుగా వేస్తుంది. 'అండ్' పెట్టి ఒక్కో పేరునీ విడిగా బ్రాకెట్లలో పెట్టండి. పేజీ మీద మాత్రం 'అండ్' కనబడకూడదు కదా. 'మరియు' పెట్టమని చాలామంది చెబుతారు, నాకది ఇంగ్లీషు సంకెల. 'డిఫైన్‌బిబ్లియోగ్రఫీస్ట్రింగ్స్' కమాండ్‌తో దాని బదులు కామా పెట్టేస్తాను. 'ఎడిటర్', 'ఎడిషన్', 'పేజెస్' లాంటివీ అక్కడే 'సంపా.', 'ముద్రణ', 'పు.' అని మార్చుకోవచ్చు. సూచిలో ఇలాంటి మాటలు ఉన్నట్టుండి లావు ఇంగ్లీషు అక్షరాల్లో కనబడితే భయపడకండి. ఆ మాటకి తెలుగు చెప్పలేదని బిబ్‌లాటెక్ గుర్తు పెట్టి చూపిస్తోంది.

వ్యాసాల దగ్గర 'గోలకొండ పత్రిక' ముందు 'ఇన్' అని వస్తోంది, తెలుగులో చదవడానికి ఎబ్బెట్టుగా ఉంది. 'ఇన్:' అన్న బిబ్‌మాక్రోని (పేరు చివర కోలన్‌తో సహా) ఖాళీ చేస్తే పోతుంది. పుస్తకం పేర్లు ఇటాలిక్ అవ్వాలని స్టైల్ అడుగుతుంది, చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండదు. అక్షరాల్ని బలవంతంగా పక్కకి వంచే ఫేక్‌స్లాంట్ వాడకండి, తుఫానులో తాటిచెట్లలా ఉంటాయి. 'ఇటాలిక్‌ఫాంట్' దగ్గర అదే నిటారు ఫాంట్ మళ్లీ ఇచ్చేసి, పేర్లని కొటేషన్లలో పెట్టించండి.

పాత పుస్తకాలకి తేదీ దగ్గర 'యువ నామ సంవత్సరం' అని రాశారు. డేట్ ఫీల్డ్‌కి అంకెలే అర్థమవుతాయి, మిగతాది పక్కన పారేస్తుంది. అందుకే ఆ పుస్తకాలు ఏడాది లేకుండా వచ్చాయి. యువ అంటే 1935 ఉగాది నుంచి 1936 ఉగాది దాకా. నెల తెలియకపోతే '1935/1936' అని మధ్యలో ఏటవాలు గీతతో రాయండి, రెండేళ్లూ వేస్తుంది. యువ నామ సంవత్సరాన్ని నోట్ ఫీల్డ్‌లో ఉంచండి, మీ పరిశోధనకి అదీ అవసరమే. ఆ నోట్ ఫీల్డ్‌లో తెలుగు వికీపీడియా లింకులు మాత్రం అతికించకండి. కాపీ చేసిన తెలుగు లింకు నిండా శాతం గుర్తులుంటాయి, లాటెక్‌లో శాతం గుర్తు తర్వాత లైన్లో ఉన్నదంతా కామెంట్ కింద లెక్క. మూసే బ్రాకెట్ కూడా అందులో మాయమై, ఎర్రర్ ఎక్కడో నలభై లైన్ల కింద తేలుతుంది. లింకు యూఆర్ఎల్ ఫీల్డ్‌లో ఉంటే బైబర్ దాన్ని ముట్టుకోకుండా దాటిస్తుంది. పొడుగు లింకులు మార్జిన్ దాటితే 'ఎక్స్‌యూఆర్ఎల్' ప్యాకేజీ వేయండి.

వరస కోసం 'సార్ట్‌లొకేల్' దగ్గర తెలుగు కోడ్ ఇవ్వండి. తెలుగు, ఇంగ్లీషు గ్రంథాలు రెండు జాబితాలుగా ఉండాలని చాలామంది గైడ్‌లు అడుగుతారు. ప్రతి ఎంట్రీకీ కీవర్డ్ ఒకటి తగిలించి, ప్రింట్‌బిబ్లియోగ్రఫీని ఆ కీవర్డులతో రెండుసార్లు పిలిస్తే చాలు.

నేనైతే ఈ వరసలో చేస్తాను: ఇవాళ చిన్న ఫైల్‌లో ఫాంట్లు, రేపు క్యాప్షన్లు, ఆ తర్వాత మూడు రోజులు కూచుని సూచి ఎంట్రీలు ఒక్కొక్కటీ. బ్రాకెట్లూ అండ్‌లూ దిద్దడానికి తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. చిన్న ఫైల్ కూడా మొండికేస్తే దాన్నీ దాని లాగ్‌నీ ఇక్కడ పెట్టండి, ఫొటోలు వద్దు, టెక్స్ట్ పెట్టండి.

అన్నీ అయ్యాక ఇంకొక్క పని. జీలాటెక్ చేసిన పీడీఎఫ్‌లో తెలుగు చూడ్డానికి బాగున్నా, కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే వత్తులు గల్లంతయి అర్థం లేని అక్షరాలు రావచ్చు. యూనివర్సిటీలో కాపీ తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ చదివేది ఆ లోపలి టెక్స్ట్‌నే. ప్రియాంబుల్లో 'జీటెక్‌జనరేట్‌యాక్చువల్‌టెక్స్ట్ = 1' అని వేసి మళ్లీ కంపైల్ చెయ్యండి. తర్వాత పీడీఎఫ్ తెరిచి వెతికే చోట 'గ్రంథాలయోద్యమం' అని కొట్టండి. అది మీ అధ్యాయాల్లో దొరికితే ఆ ఫైల్ తీసుకుని బైండింగ్‌కి వెళ్లండి. కవర్ పేజీ మాత్రం కొట్టువాళ్లని కోరెల్‌డ్రాలో తెరవనివ్వకండి, వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంట్ లేకపోతే మళ్లీ డబ్బాలే. పీడీఎఫ్‌నే నేరుగా ప్రింట్ కొట్టమని పక్కన నిలబడి చెప్పండి.